గంప కింద పుంజు

సంక్రాంతికి భీమవరం వెళ్తే మా మేనల్లుడు నన్ను బరి దగ్గరికి కాదు, తిన్నగా వాడి కారు దగ్గరికి లాక్కెళ్లాడు. "లోపలికి చూడు మావయ్యా" అన్నాడు. చూశాను. ముందు సీట్ల వెనకాల నిలువెత్తు ఇనప కమాను. అద్దానికి అటొకటి, ఇటొకటి పైపులు. నెత్తిమీద అడ్డంగా ఒకటి. ముందు తలుపులకి అడ్డంగా రెండేసి. అన్నిటికీ మెరిసిపోయే ఎర్ర రంగు.

"ఇదేవిట్రా, పుంజుల్ని ఇందులో తోలుతున్నావా?"

"రోల్ కేజ్ మావయ్యా! రేసు కార్లకి ఉంటుంది. బండి నాలుగు పల్టీలు కొట్టినా మనకేం కాదు."

గోదావరి జిల్లాల్లో "మనకేం కాదు" అన్న మాట చెవిన పడితే నాలుగడుగులు దూరం జరగడం మంచిది. పందెం కాసే ముందు అదే మాట అంటారు, రొయ్యల చెరువు లీజుకి తీసుకునే ముందూ అదే అంటారు.

సరే, ఎక్కబోయాను. పంచె ఎగ్గట్టి, గోడ దూకే దొంగలా తలుపు పైపు మీంచి ఒక కాలు లోపలికి వేశాను. తల వంచాను గానీ వంచాల్సినంత వంచలేదు. ఠంగుమంది. నుదుటి మీద ఉసిరికాయంత బొప్పి. అప్పటికి ఇంజను కూడా వెయ్యలేదు. బండి వేగం గంటకి సున్నా కిలోమీటర్లు. అంటే ప్రాణాలు కాపాడే ఆ యంత్రం అందరికంటే ముందు కొట్టింది నన్నే.

"మెత్త చుట్టించానే!" అని వాడు నొచ్చుకున్నాడు. నిజమే, చుట్టించాడు. ఏసీ పైపులకి చుట్టే నల్ల స్పాంజి అది. చల్లదనం పోకుండా కాపాడుతుంది, బుర్ర పగలకుండా కాదు.

రోల్ కేజ్‌తో నాకేం పాతకక్షలు లేవు. రేసు కారు పల్టీ కొట్టినప్పుడు పైకప్పు నలిగి మనిషి మీదకి రాకుండా ఆపేది అదే. దాని పుణ్యాన బతికి బట్టకట్టినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. కాకపోతే దానికో శాస్త్రం ఉంది. అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్ఐఏ నిబంధనల ప్రకారం ఆ పెద్ద కమానుకి అతుకులేని ఉక్కు గొట్టం వాడాలి. 45 మిల్లీమీటర్ల గొట్టమైతే రెండున్నర మిల్లీమీటర్ల మందం, 50 అయితే రెండు మిల్లీమీటర్లు ఉండాలి. కాలు మోపే చోట రేకుకి కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న ఉక్కు పలక అతకాలి. ఒక్కో కాలికి కనీసం మూడు బోల్టులు. ఎందుకంటే కారు అడుగు రేకు బహు పల్చన. పలక లేకుండా నిలబెడితే, పల్టీ కొట్టిన క్షణాన ఆ కాలు పూతరేకులో వేలు దిగినట్టు రేకులోంచి దిగిపోతుంది.

మా వాడి కేజ్ చేసిన మేస్త్రీ చెయ్యి మంచిదే. ఇంటి గేట్లు, కిటికీ గ్రిల్సు, చెరువుల్లో ఏరేటర్లకి ఫ్రేములు చేసి పేరు తెచ్చుకున్నవాడు. "ఏ పైపు వాడారండీ?" అని అడిగాను. "జీఐ అండీ. తుప్పు పట్టదండి, ఆయ్!" అన్నాడు గర్వంగా. జీఐ పైపుకి పైన జింకు పూత ఉంటుంది. దాన్ని గీకకుండా వెల్డింగ్ పెడితే జింకు ఆవిరై అతుకులో బుడగలు మిగులుతాయి. పైకి అతుకు నున్నగానే కనపడుతుంది, లోపల మాత్రం జల్లెడ. "కాళ్ల కింద పలక వేశారా?" అన్నాను. "వాచర్లు వేశానండి" అన్నాడు. తుప్పు పట్టదన్నాడుగా, నిజమే. బండి పల్టీ కొట్టాక కూడా ఆ పైపు కొత్తదిలా మెరుస్తూనే ఉంటుంది.

పోనీ, సాక్షాత్తూ ఎఫ్ఐఏ వాళ్లే వచ్చి భీమవరంలో కూర్చుని ఈ కేజ్ కట్టారనుకుందాం. అప్పుడైనా సరిపోతుందా? రేసు కారులో డ్రైవరు బొమ్మ ఓసారి తలుచుకోండి. నెత్తిన హెల్మెట్. మెడ విరగకుండా పట్టే హాన్స్ పరికరం. ఒంటిని ఒరలో కత్తిలా ఇరికించే బకెట్ సీటు. భుజాల్నీ నడుమునీ తొడల్నీ బిగించే ఆరు కొసల బెల్టు. పక్కన ఎవరూ ఉండరు, వెనక సీటే ఉండదు. ఇంత చేసీ, హెల్మెట్ తగిలే అవకాశమున్న చోటల్లా పైపుకి పరీక్షకి నిలిచిన గట్టి మెత్త కట్టాలంటారు. గమనించారా? హెల్మెట్ తగిలితేనే ప్రమాదమట. ఒట్టి బుర్ర తగిలితే ఏమవుతుందో ఆ నిబంధనల పుస్తకంలో రాయలేదు. అంత వెర్రివాళ్లు ఉంటారని వాళ్లకి తోచి ఉండదు.

మామూలు కారులో మామూలు బెల్టు పెట్టుకున్న మనిషి గుద్దుకున్నప్పుడు కదలకుండా ఉండడు. తల ముందుకీ పక్కకీ జానెడు ఊగుతుంది. ఊగాలి కూడా, బెల్టు సాగి దెబ్బని కొంత మింగేది అలాగే. ఆ ఊగే జాగా ఖాళీగా ఉండాలనే కంపెనీ వాళ్లు ఏళ్ల తరబడి బొమ్మల్ని కూర్చోబెట్టి గోడలకి గుద్ది చూస్తారు. ఆ ఖాళీలోకి మావాడు లక్ష రూపాయలు పోసి ఇనుము తెచ్చి పెట్టాడు. వెనక సీట్లో కూర్చునే మా చెల్లెలి ముఖానికి ఎదురుగా ఆ పెద్ద కమాను అడ్డపట్టీ. "అమ్మకి పట్టుకోడానికి బాగుంది మావయ్యా" అన్నాడు. ఊరికే పట్టుకుంటే బాగానే ఉంటుంది. నుదురుతో పట్టుకుంటేనే ఇబ్బంది.

వాడి వాదన వాడికుంది. "ఇప్పటి కార్లన్నీ రేకు డబ్బాలు. చిన్న దెబ్బకే నలిగిపోతాయి. మా తాత అంబాసిడర్ చూడు, గుద్దితే గోడ పడిపోయేది." రావులపాలెం నుంచి నరసాపురం దాకా ఏ టీకొట్టు దగ్గర ఆగినా వినపడే సిద్ధాంతమే ఇది. గోడ పడిన మాట నిజమే. లోపలున్న తాతగారి పక్కటెముకల సంగతే ఎవరూ చెప్పరు.

గంటకి 60 కిలోమీటర్ల వేగంతో గోడని గుద్దడమంటే సుమారు 14 మీటర్ల ఎత్తునుంచి, అంటే బాగా ఎదిగిన కొబ్బరిచెట్టు మీంచి, కింద పడటం. ఆ దెబ్బని ఎవరో ఒకరు మింగాలి. కారు మింగకపోతే మనమే మింగాలి. బేలా బరేనీ అనే ఇంజనీరు 1951లో మెర్సిడెస్ కంపెనీ తరఫున పేటెంటుకి పెట్టిన ఆలోచన ఇదే: మనుషులు కూర్చునే గది గట్టిగా ఉండాలి, ముందూ వెనకా మడతలు పడాలి. మన తాపేశ్వరం కాజా చేసేవాళ్లకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. కాజాకి మడతలే ప్రాణం. మడతలు లేకుండా గట్టిగా చేస్తే దాన్ని కాజా అనరు, ఇటుక అంటారు. కారు మడతపడిందంటే మనం పడాల్సిన మడత అది పడిందన్నమాట.

మావాడు అక్కడితో ఆగలేదు. ముందు బంపరుకి బుల్ గార్డు కూడా బిగించాడు. కారు ఎక్కడ మడతపడాలో అక్కడే దబ్బనం పెట్టి కుట్టేశాడు. ఇవి వద్దని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. ఢీకొన్న పాదచారికి నేరుగా ఇనుమే తగులుతుంది. పైగా దెబ్బ ఎంతదో పసిగట్టి ఎయిర్‌బ్యాగుకి కబురు చేసే సెన్సారు, కంపెనీ వాళ్లు కట్టిన ఆకారానికి లెక్కగట్టి పెట్టింది. మధ్యలో మనం ఇనుము దూరిస్తే దాని లెక్క తప్పుతుంది. పైకప్పు అంచు నుంచి తెరలా దిగే ఎయిర్‌బ్యాగు ఉన్న కారులోనైతే, ఆ తెర దిగాల్సిన దారిలో మన పైపు కాపలా కాస్తుంది.

ఇప్పుడు మన డెల్టా సంగతి. రేసు ట్రాకు పక్కన ఇసక ఉంటుంది, టైర్ల గోడ ఉంటుంది. మన రోడ్డు పక్కన కాలువ ఉంటుంది. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక తవ్విన కాలువలు పంటకి నీళ్లిచ్చాయి, వాటి గట్లు మనకి రోడ్లయ్యాయి. కారు అదుపు తప్పితే ఇక్కడ పల్టీతో కథ ముగియదు, నీళ్లలో మొదలవుతుంది. నీళ్లలో పడ్డ కారులోంచి బయటపడటానికి ఉండేది కొద్ది సమయం. బెల్టు తీసి, కిటికీ దించి, ఈదుకుంటూ రావాలి. ఎండలో, నిలబెట్టిన బండిలోకి, అందరూ చూస్తూ సలహాలిస్తుండగా నేను ఆ తలుపు పైపు దాటలేకపోయాను. చీకట్లో, తలకిందులుగా, బురద నీళ్లలో దాటడం సులువని ఎవరైనా నమ్మితే వాళ్లకి నా నమస్కారం.

"నేను ట్రాక్ మీద నడపడానికే మావయ్యా" అన్నాడు చివరికి. చాలా మంచిది. మన జిల్లాల్లో ట్రాకు లేదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉంది, రాజమండ్రి నుంచి దాదాపు 600 కిలోమీటర్లు. కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఇంకా దూరం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ జరిగింది, ఆ మరుసటి ఏడాదికి అదీ లేదు. కాబట్టి ఏడాదికి ఒక్క రోజు ట్రాకు, తక్కిన 364 రోజులు పిల్ల ట్యూషను, అత్తగారి మోకాళ్ల డాక్టరు, పాలకొల్లులో పెళ్లి భోజనం. ఆ ఒక్క రోజు కోసం 364 రోజులు బుర్ర పక్కన ఇనుము మోసుకు తిరగాలి.

నిజంగా రేసు పిచ్చి ఉన్నవాడికి దారి లేకపోలేదు. బండిని పూర్తిగా రేసుకే అంకితం చేసి, వెనక సీటు తీసేసి, దేశంలో మోటారు క్రీడల్ని నడిపే ఎఫ్ఎంఎస్‌సీఐ నిబంధనల ప్రకారం కేజ్ కట్టించి, హెల్మెట్టూ బకెట్ సీటూ అమర్చి, లారీ మీద ఎక్కించి ట్రాకుకి తీసుకెళ్లడం. రోడ్డు మీద తిరగడానికి ఇంకో కారు. ఖర్చు ఎక్కువ, నిజమే. ఖర్చు తక్కువలో కావాలంటే క్యారమ్స్ ఉంది.

చట్టం కూడా ఇదే చెబుతోంది. కంపెనీ చేసిన మూల నిర్మాణాన్ని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రెండోది పడితే మా వాడికి అలవాటైన వాతావరణమే, అక్కడా ఊచలే.

బయల్దేరే వేళయింది. కొత్త బొప్పి రాకుండా జాగ్రత్తగా దూరి, సీట్లో కూర్చున్నాను. బెల్టు లాగి పెట్టుకోబోతే దూర్చే చోటు ఖాళీ లేదు. అందులో అప్పటికే ఓ క్లిప్పు ఉంది, బెల్టు లేకుండా ఒట్టి నాలిక. బెల్టు పెట్టుకోకపోతే కారు కీచుకీచుమని అరుస్తుందిగా, ఆ అరుపు నొక్కడానికి. ఇలాంటివి అమ్మొద్దని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో ఆదేశిస్తే, ఐదు ఆన్‌లైన్ అంగళ్ల నుంచి 13,118 ప్రకటనలు తీసేశారు. పదమూడు వేల పైచిలుకు! బెల్టు అమ్మడానికి కాదు, బెల్టు పెట్టుకున్నట్టు నటించడానికి.

"ఇదేవిట్రా?"

"కేజ్ ఉందిగా మావయ్యా!"

2018 ఆగస్టులో నల్గొండ జిల్లాలో నందమూరి హరికృష్ణ గారి కారు బోల్తా పడినప్పుడు ఆయన బెల్టు పెట్టుకోలేదనీ, బయటికి విసిరేసినట్టు పడ్డారనీ పోలీసులు చెప్పారు. ఆ వార్త విన్నాక మా మేనల్లుడే వారం పాటు బెల్టు పెట్టుకుని తిరిగాడు. ఎనిమిదో రోజున క్లిప్పు కొన్నాడు. బెల్టు లేనివాడికి కేజ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పంజరంలో పడేసిన గోళీకాయలా అన్ని పైపులకీ వరసగా తగులుతాడు.

పుంజుని గంప కింద ఉంచుతారు, నిజమే. కానీ బరిలోకి దింపే ముందు గంప తీస్తారు. గంపతో పాటు బరిలోకి దింపిన పందెంగాణ్ణి భీమవరం ఇంతవరకు చూడలేదు. ఆ మాత్రం తెలివి కోడి విషయంలో మనకుంది.

నా క్లిప్పూ, వాడి క్లిప్పూ పీకి జేబులో వేసుకున్నాను. దార్లో ఉండి ఊరు దాటే దాకా కారు కీచుకీచుమంటూనే ఉంది. "బుర్ర తినేస్తోంది మావయ్యా" అని విసుక్కుంటూ చివరికి బెల్టు పెట్టుకున్నాడు. లక్ష రూపాయల ఇనుము మౌనంగా చూస్తూ ఊరుకుంది.