వయా నైనీ

ప్రపంచమంతా ఒకే ప్రభుత్వం వస్తే దేశభక్తి గతేమిటని మేధావులకు ఒకటే బెంగ. సింగరేణి బొగ్గు గనుల ఊరు గోదావరిఖని వచ్చి చూస్తే సరి!

సింగరేణి బొగ్గును మొదట తవ్వింది లండన్‌లో రిజిస్టరైన కంపెనీ. 1945లో మెజారిటీ వాటా నిజాం సర్కారుది. ఇప్పుడు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49. పక్కన రామగుండం ఎన్టీపీసీకి అప్పిచ్చింది ప్రపంచ బ్యాంకు. జెండాలు ఎన్ని మారినా కార్మికుడి షిఫ్టు షిఫ్టే.

అన్నట్టు, ఒడిశాలోని నైనీ బొగ్గు బ్లాకును 2015లో సింగరేణికి కేటాయించారు. బొగ్గు బయటికొచ్చింది 2025లో! దేశం ఒకటే, జాతీయ గీతమూ ఒకటే. అటవీ భూమి ఫైలు మాత్రం పదేళ్లు ప్రదక్షిణలు చేసింది.

రేపు ప్రపంచ సర్కారొస్తే ఆ ఫైలు జెనీవా మీదుగా తిరగదని గ్యారంటీ ఎవరిస్తారు?