నేను ఊడను

పత్తికొండ వైపు ఎర్రనేలలో, ఒక బుడ్డల చేలో, అంటే వేరుశనగ చేలో, పుట్టాను. కదిరి పరిశోధన కేంద్రం 2005లో విడుదల చేసిన కదిరి-6 రకం మా తల్లిమొక్క. జూలై వానకు గొర్రుతో విత్తారు. నెల తిరిగేసరికి పసుపు పూలు పూశాయి. నన్ను కన్న పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంది, తన పుప్పొడితో తానే ఫలించింది, ఆ రోజే వాడిపోయింది. వారానికి దాని అడుగు నుంచి నేను బయలుదేరాను.

చూడ్డానికి కాడనే. కాని ఆకు కాడ ఆకును వెలుతురుకు పడుతుంది, తామర కాడ పువ్వును నీటిపైకి ఎత్తుతుంది. నాది నేలదారి. ఫలించిన అండాలను కొసన పెట్టుకుని మట్టికేసి సాగుతాను. నేను వేరును కాను, కొమ్మనూ కాను. అండాశయాన్ని మోసే కాడను. ఎండ తగిలినంత మేర ఊదారంగు, మట్టిలో తెలుపు. వెలుతురున్నంతసేపు నా కొసనున్న పిండం ఎదగదు. దాదాపు 5 సెంటీమీటర్లు దిగి, చీకటి దొరికాక, కొస అడ్డంగా తిరిగి ఉబ్బుతుంది. అదే కాయ.

మట్టిలోకి దిగే ఆ కొద్దిరోజులూ నేల మెత్తగా ఉండాలి. నా బెంగంతా ఇదే. ఆగస్టులో వాన ముఖం చాటేస్తే ఎర్రనేల పైపొర గట్టిపడుతుంది. ఊడ కొస దాన్ని తాకి, దూరలేక, ఎండిపోతుంది. పై కణుపుల్లో ఆలస్యంగా పుట్టిన నా తోబుట్టువులకైతే వాన పడినా నేల అందదు. 15 సెంటీమీటర్లు మించి సాగడం మాకు అరుదు. పంట పోయిందంటే చెట్టు ఎండిందనుకుంటారు దూరంవాళ్లు. సీమలో చెట్టు పచ్చగానే ఉండి కింద కాయ లేని ఏళ్లున్నాయి. ఆ నష్టం రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడదు, చెట్టు పీకిన చేతికే తెలుస్తుంది.

మా రైతు ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ల దగ్గర వేయించి మట్టి ఎగదోయించాడు. ఆ తర్వాత కొడుకు మళ్లీ ఎద్దులు కడుతుంటే ఆపాడు.

"ఇంక గుంటక తోలద్దురా, ఊడలు దిగుతాండాయి."

ఆ జిప్సం నాకెంత అవసరమో చెప్పాలి. బొడ్డుతాడులా తల్లి ఆకుల్లో తయారైన చక్కెరను కాయకు చేరవేస్తాను. కాల్షియం మాత్రం అలా తేలేను. వేళ్లు పీల్చిన కాల్షియం నీటితో ఆకుల్లోకి ఎక్కుతుంది, మళ్లీ కిందికి దిగదు. కాయ చుట్టూ ఉన్న మట్టి నుంచే మేం నేరుగా తాగాలి. అది చాలకపోతే పైకి నిండుగా కనిపించే కాయలో పప్పు ఉండదు. లొట్టలే.

ఆ ఏడు ఆగస్టు చివర పదును వాన పడింది. దిగాను, కాశాను.

పీకే రోజున నేల ఆరిపోయి ఉంటే మేం తెగిపోతాం. కాయ మట్టిలోనే ఉండిపోతుంది. అప్పుడు ఆడవాళ్లు తొలికలు పట్టుకుని పరిగె తవ్వుకోవాలి. మాకు తడి ఉండగానే పీకారు. నేను తెగలేదు. కాయలు ఆదోని మార్కెట్టుకు పోయాయి, నేను కట్టెతోపాటు వామిలోకి చేరాను. వేసవంతా ఎద్దులకు మేమే మేత. ఆ ఏడు మా రైతు వాటిని సంతకు తోలలేదు.