టప్పుమన్నది ముందా, వెనకా?

మా మనవడి స్నేహితుడొకడు ఈమధ్య 1994 నాటి బుల్లెట్టు కొన్నాడు. కొన్న రోజు నుంచీ వాడికి దీపావళే. రేసు వదిలితే సైలెన్సర్లోంచి ఢామ్మని పేలుతుంది, సిగ్నల్ దగ్గర ఆగితే స్లోలో నిలబడదు. ఒక షాపువాళ్లు కార్బురేటరు కొత్తది వేశారు. ఇంకో షాపువాళ్లు కాయిలు మార్చారు. జేబు ఖాళీ అయ్యాక మా అరుగు దాకా వచ్చాడు.

"ఎక్కడ పేలుతోందిరా?" అన్నాను.

"బెంజి సర్కిల్ దగ్గర, తాతగారూ" అన్నాడు.

మా రోజుల్లో ఆటోనగర్లో ఈ జవాబు చెబితే మా మేస్త్రీ స్పానరు కింద పడేసి టీకి వెళ్లిపోయేవాడు. బండి తెచ్చి నిలబెడితే ముందు దాన్ని ముట్టుకునేవాడే కాదు, మనల్ని పట్టుకునేవాడు. టప్పుమన్నది ముందు కార్బురేటర్లోనా, వెనక సైలెన్సర్లోనా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? రేసు ఇస్తుంటేనా, వదులుతుంటేనా? ముందు తుమ్మిందంటే పెట్రోలు చాలక కావచ్చు, ఇన్‌లెట్ వాల్వు సరిగా కూర్చోక కావచ్చు, టైమింగు ముందుకు జరిగి కావచ్చు. వదిలినప్పుడు వెనక పేలిందంటే లోపల కాలకుండా మిగిలిన మిక్చరు సైలెన్సర్లోకెళ్లి అంటుకుంటోందన్నమాట. వేడెక్కాకే తంటా అంటే కండెన్సరు మీద కన్నేసేవాడు. ఈమాత్రం చెప్పలేనివాడికి సైకిలు చాలని ఆయన సిద్ధాంతం.

ఇప్పుడడిగే నాథుడేడీ? బండి వచ్చీ రాగానే సామాను మార్చడమే. తలనొప్పంటే తల మార్చినట్టు.

"ముందు కరెంటు, తర్వాత గాలి, ఆఖర్న పెట్రోలు" అనేవాడు మేస్త్రీ. కార్బురేటరు మీద పడే నిందల్లో ముప్పాతిక భాగం, ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే పాయింట్లు చేసిన పాపమేనని ఆయన నమ్మకం. ఆ వరసలోనే దిగాను. ప్లగ్గు విప్పితే సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, బిస్కెట్టు రంగుంటే ఆరోగ్యం, తెల్లగా ఉందంటే ఎక్కడో గాలి ఎక్కువవుతోంది. అది గుర్తు పెట్టుకుని పాయింట్ల మూత తీశాను. కుర్రాడు ఫోన్లో టార్చి వేశాడు. ఒక పాయింటు మీద గుంట, రెండోదాని మీద పుట్ట. గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజీ లేనినాడు విజిటింగ్ కార్డు పెట్టి చూసేవాళ్లం. ఇక్కడ కార్డు కాదు కదా, సిగరెట్ పెట్టెలో వెండి కాగితం కూడా కష్టంగా దూరింది. పాయింటు మడమ అరిగితే గ్యాపు తగ్గుతుంది, గ్యాపు తగ్గితే పాయింటు ఆలస్యంగా తెరుచుకుంటుంది, టైమింగు లేటవుతుంది. సిలిండర్లో కాలాల్సింది సైలెన్సర్ దాకా కాలుతూ పోతుంది. అసలు జబ్బు అదీ. రెండు షాపుల్లో ఒక్కరైనా ఆ మూత తీసిన పాపాన పోలేదు. స్క్రూ మీద దుమ్ము కూడా చెదరలేదు!

పాయింట్లు సాపు చేసి, గ్యాపు పెట్టి, టైమింగు సరిచేశాను. ఢాం తగ్గింది. స్లో మాత్రం పెళ్లివారి గుర్రంలా ఒకచోట నిలబడదు. ఎక్కుతుంది, దిగుతుంది, ఆగుతుంది.

ఇక గాలి. కార్బురేటరు ఇంజనుకి అతుక్కునే చోట చుట్టూ వేలితో గ్రీజు పూశాను. (అక్కడ పెట్రోలు చల్లి చూసే మహానుభావులున్నారు, పేలే బండి మీద పెట్రోలు చల్లడమేమిటో వాళ్లకే తెలియాలి.) గ్రీజు పడీ పడగానే బండి బుద్ధిగా స్లోలో నిలబడింది. ఓ నిమిషానికి ఆ గ్రీజుని లోపలికి లాక్కుని మళ్లీ మొదలు. దొంగ దొరికాడు. విప్పి ఫ్లాంజి మీద స్టీలు స్కేలు నిలబెడితే మధ్యలో వెలుగు కనిపించింది. కొత్త కార్బురేటరే, కానీ రెండు నట్లనీ ఎద్దుబలంతో బిగించేసరికి మెత్తటి లోహం, చెవులు రెండూ వంగిపోయాయి. లేని జబ్బుకి మందేసి కొత్త జబ్బు తెచ్చారు.

పాత కిటికీ అద్దం ముక్క మీద ఎమరీ కాగితం పరిచి, ఫ్లాంజిని ఎనిమిది అంకె దిద్దినట్టు అరగంట రుద్దించాను. నేను కాదు, వాడి చేతే. మొదట అంచులు మెరిశాయి, తర్వాత చుట్టూ. మెరుపు అంతటా ఒక్కలా వచ్చాక స్కేలు కింద వెలుగు పోయింది. ఎయిర్ స్క్రూ పూర్తిగా మూసి ఒకటిన్నర చుట్టు తెరిచి, పావు చుట్టు మళ్లీ లోపలికి తిప్పాను. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాలు. అప్పటి జెట్లకి అది కొంచెం నీళ్లచారే. మొత్తం ఖర్చు ఎమరీ కాగితం, రెండు టీలు.

ఈ విద్యలన్నీ ఇక నాతోనే పోతాయిలెండి. 2020 ఏప్రిల్లో బీఎస్-6 వచ్చాక కొత్త బుల్లెట్టుకి కార్బురేటరే లేదు. మీటర్లో పసుపుపచ్చ దీపం వెలిగితే లాప్‌టాప్ తగిలించి చూస్తారట. నిజం చెప్పాలంటే మా మనవడి బండి వానలో కూడా బొత్తాం నొక్కగానే లేస్తుంది, నా కంటి డాక్టరు దగ్గరికి వెనక కూర్చుని వెళ్లేది దాని మీదే. మేము మాత్రం తుంపర పడితే ప్లగ్గు విప్పి పొయ్యి మీద కాల్చుకున్నాం. ఈ మాట వాడి ముందు అనను.

కుర్రాడు కాళ్లకి దండం పెట్టి బండెక్కాడు. ఒక్క కిక్కు కొట్టాడు. కిక్కు రాడ్డు ఎదురుతిరిగి పిక్క మీద తన్నింది. "అమ్మో!" అని అరుగు మీద కూలబడ్డాడు. ఇన్నాళ్లూ లేటు టైమింగు మీద మెత్తగా బతికిన బండి, ఇవాళే నిక్కంగా నిలబడింది. ఆంపియర్ ముల్లు మధ్యకొచ్చేదాకా నెమ్మదిగా నొక్కి, డీకంప్రెసర్ పట్టి పిస్టను పైనుంచి దాటించి, అప్పుడు కొట్టాలని వాడికి ఎవరూ చెప్పలేదు.

నేనూ చెప్పలేదు. లోపలికెళ్లి అమృతాంజనం తెచ్చాను.