మెట్టు కింద బ్యాటరీని

మోటర్‌హోమ్ తలుపు దగ్గర, మెట్టు కింద అరలో ఉంటాను. ఇంజన్ను లేపే బ్యాటరీ వేరు. ఒక్క క్షణం పెద్ద ఊపు ఇవ్వాలి కాబట్టి దానికి పల్చటి పలకలుంటాయి. నావి మందపాటి సీసం పలకలు. ఆరు గదులు, గదికి సుమారు 2.1 వోల్టులు. రాత్రంతా నిదానంగా కరెంటివ్వడం నా పని. లైట్లు, నీళ్ళ పంపు, గ్యాసు హీటరు ఫ్యాను, ఫ్రిజ్‌లో సర్క్యూట్ బోర్డు, అన్నీ నా మీదే నడుస్తాయి.

మాది టెక్సాస్. డాలస్‌లో ఉండే తెలుగమ్మాయి మా బండిని సెకండ్ హ్యాండ్‌లో కొంది. ఇంటి దగ్గర కేబుల్ తగిలించి ఉన్నన్నాళ్ళూ ఏ గొడవా లేదు. కేబుల్ పీకి ఊరు దాటితే లైట్లు మసకబారేవి, పంపు మూలిగేది. నాకు ముందు ఇక్కడున్న బ్యాటరీని, 'ఇది పోయింది' అని షాపువాళ్ళు ఒక్క ముక్కలో తేల్చి పీకేశారు. పాపం, దాని తప్పేమీ లేదని నా గట్టి నమ్మకం. ఎందుకంటే నేనొచ్చాక కూడా అదే గోల. కేబుల్ తగిలిస్తే 120 వోల్టుల కరెంటును కన్వర్టర్ 12కి మార్చి లైట్లకు నేరుగా ఇచ్చేస్తుంది. నా దారిలో ఉన్న లోపం అప్పుడు బయటపడదు. ఇంత చిన్న సంగతి ఆలోచించకుండా నాకూ అదే శిక్ష వేశారు, కొత్తదానికి ఆర్డరిచ్చారు.

ఆ డిసెంబర్లో ఆమె నాన్నగారు వచ్చారు. ఆంధ్రాలో కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ముగ్గురం బిగ్ బెండ్ పార్కుకు వెళ్ళాం. రియో గ్రాండే విలేజ్‌లో మేం దిగినచోట ప్లగ్గు లేదు, రాత్రిపూట జనరేటరు నడపనివ్వరు. 2012లోనే చీకటి ఆకాశానికి అంతర్జాతీయ గుర్తింపు పొందిన పార్కు అది. చుట్టూ ఒక్క దీపం లేదు. ఎడారి చలి. హీటరు ఫ్యాను ఈడ్చుకుంటూ తిరిగింది గానీ మంట అంటుకోలేదు. గాలి వేగం చాలకపోతే లోపలి రేకు స్విచ్చు కలవదు, అది కలవందే గ్యాసు వదలదు.

"నాన్నా, బ్యాటరీ మళ్ళీ పోయినట్టుంది."

"ఉండమ్మా, మీటరు ఇలా ఇవ్వు. ముందు నీ గాజులూ ఉంగరమూ తీసి లోపల పెట్టు."

పన్నెండు వోల్టులు షాకు కొట్టవు గానీ, నా రెండు టెర్మినళ్ళ మధ్య లోహం అడ్డం పడితే అది ఎర్రగా కాలి కండ ఊడొస్తుంది. ఆ భయం తెలిసిన చేతులవి.

నన్ను కొలిస్తే 12.6.

"బాగానే ఉందిగా!" అందామె.

"లోడు లేనప్పుడు చూసి మోసపోకు. పంపు వెయ్యి, హీటరు కూడా."

అప్పుడు నా దగ్గర 12.3. ఫ్యూజుల పెట్టె దగ్గర 10.4. మధ్యలో 1.9 వోల్టులు ఎక్కడో మాయమవుతున్నాయి. ఆ లెక్క విని నాకు ప్రాణం లేచొచ్చింది. ప్లస్ తీగ మీద ఈ చివర నుంచి ఆ చివరకు కొలిచారు, 0.1 మాత్రమే. తర్వాత ఒక పిన్ను నా మైనస్ మీద, రెండోది ఛాసిస్ ఇనుము మీద పెట్టారు. 1.8.

"ఎర్తు పట్టడం లేదు. మన దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ లూజైతే ఒకింట్లో బల్బు మాడేది, పక్కింట్లో మిణుకుమనేది. కరెంటు పోయే దారి అందరూ చూస్తారు తల్లీ, తిరిగొచ్చే దారి ఎవరూ చూడరు."

మెట్టు వెనక బోల్టు ముట్టుకుంటే వేడిగా ఉంది. అన్నీ ఆపి, ముందుగా నా మైనస్ తీగ ఊడదీశారు. బోల్టు కింద తుప్పు, దాని కింద పెయింటు. ఎమరీ కాగితంతో ఇనుము తళతళలాడేదాకా రుద్ది, బిగించి, గ్రీజు పూశారు. మళ్ళీ కొలిస్తే 0.1 కూడా చూపించలేదు. ఫ్యాను ఊపందుకుంది, టక్కుమని మంట అంటుకుంది.

ఆయన పడుకోలేదు. ఫ్యూజుల పెట్టె విప్పితే 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు ఉండాల్సిన చోట ఎవరో 30 ఆంపియర్ల ఆకుపచ్చది పెట్టారు. "ఫ్యూజు కన్నా ముందు తీగ తగలబడుతుంది, ఇల్లంతా ప్లైవుడ్డు" అంటూ అప్పటికప్పుడే మార్పించారు. పాత యజమాని పనో, షాపువాళ్ళ పనో గానీ, ఆ ఆకుపచ్చ ఫ్యూజును తలుచుకుంటే నాకిప్పటికీ గుబులే.

పొద్దున్న నేను 12.3 చూపించాను, సగానికి పైనే. దారిలో సిగ్నల్ అందగానే అమ్మాయి కొత్త బ్యాటరీ ఆర్డరు రద్దు చేసింది.