రాజుగారి బొమ్మ నోటు

నన్ను అసిన్యా అంటారు. 1790లో పారిస్‌లో అచ్చయిన కాగితం నోటును. విలువ 200 లీవ్రలు. నా మీద ఫ్రాన్సు రాజు పదహారో లూయీ బొమ్మ. నా వెనక ఉన్నది బంగారం కాదు, భూమి. ఖజానా ఖాళీ అయి అప్పులవాళ్లు మీద పడుతుంటే, 1789 నవంబరులో జాతీయ సభ చర్చి ఆస్తులను దేశపరం చేసింది. అవి అమ్ముడుపోయేదాకా ఆగే ఓపిక ఎవరికుంది? ముందే మమ్మల్ని అచ్చేసింది. భూమి కొన్నవాళ్లు మమ్మల్ని తెచ్చి కడితే కాల్చెయ్యాలని నియమం. నా తోబుట్టువులు చాలామంది అలా పద్ధతిగా పోయారు. నాకా యోగం పట్టలేదు.

నేనొక ధాన్యం వర్తకుడి చేతిలో పడ్డాను. మొదట్లో ఏం మర్యాద! రుమాల్లో చుట్టి పెట్టెలో దాచేవాడు. 1791 జూన్‌లో రాజు మారువేషంతో, కుటుంబంతో సహా పారిపోతూ వారెన్‌లో దొరికిపోయాడు. దారిలో గుర్రాల మజిలీ నడిపే ద్రూయే ఆయన్ని పోల్చుకున్నది అసిన్యా మీది బొమ్మను బట్టేనని చెప్పుకున్నారు. అదే నిజమైతే ఉప్పు తిన్న ఇంటికే ద్రోహం చేసిన వంశం మాది.

1792లో రాచరికం రద్దయింది. 1793 జనవరి 21న రాజు తల తెగింది. నా మీది తల మాత్రం అలాగే ఉండిపోయింది. యుద్ధ ఖర్చులకు నోట్లు గుట్టలుగా అచ్చేశారు, విలువ జారిపోయింది. చిత్రమేమిటంటే, కొత్త నోట్లకంటే జనం నన్నే ఎక్కువకు తీసుకునేవారు. రేపు రాచరికం తిరిగొస్తే రాజు బొమ్మ ఉన్నవే చెల్లుతాయని వాళ్ల లెక్క. విప్లవ ప్రభుత్వానికి ఒళ్లు మండింది. 1793 జూలై 31న, వంద లీవ్రలు దాటిన రాజు బొమ్మ నోట్లు చెల్లవని శాసనం చేసింది. పన్నులకు కట్టుకోమని కొంత గడువూ ఇచ్చింది. మావాడు కదిలాడా? రాజవంశం మళ్లీ వస్తుందని పెట్టె మీద కూర్చున్నాడు.

గడువు దాటాక రుమాలు పోయింది. నా వీపు ఖాళీయే కదా అని దాని మీద గోధుమల పద్దులు రాశాడు, కూడిక తప్పితే కొట్టేసి మళ్లీ రాశాడు. సొరుగు అడుక్కి చేరాను, చెమ్మకు అంచులు చివికాయి. "పొయ్యి రాజెయ్యడానికైనా పనికొస్తుందా ఇది?" అని వాళ్లావిడ ఒకనాడు నన్ను వేళ్ల కొసలతో ఎత్తి చూసింది. "ఉంచు, ఎందుకైనా మంచిది" అన్నాడు. ప్రేమతో కాదు, దురాశతో. ఆ పొయ్యిలో పడ్డా నాకు సుఖంగానే ఉండేది.

1796 నాటికి మా జాతి సుమారు 4,500 కోట్ల లీవ్రలకు పెరిగింది, నూటికి ఒక్క లీవ్ర విలువైనా మిగల్లేదు. ఆ ఫిబ్రవరిలో వాందోమ్ కూడలిలో మా అచ్చు సామగ్రిని జనం చూస్తుండగా నాశనం చేశారు. తర్వాత నెపోలియన్ అక్కడే, శత్రువుల ఫిరంగుల కంచుతో తన విజయస్తంభం నిలబెట్టుకున్నాడు.

కాగితమంటే భయపడ్డ జనానికి ఆయన వెండి ఫ్రాంకు ఇచ్చాడు. 1804లో చక్రవర్తి అయ్యాక దానికి ఒకవైపు 'నెపోలియన్ చక్రవర్తి', మరోవైపు 'ఫ్రెంచి రిపబ్లిక్'! ఈ రెండూ ఎలా పొసగుతాయని నా సొరుగు పక్కన ఎవరూ అడగ్గా వినలేదు. ఒక్క బొమ్మకే నన్ను చెల్లనిదాన్ని చేశారే! 1809 నాణేల నుంచి రిపబ్లిక్ మాటా పోయి, సామ్రాజ్యం అని పడింది. మావాడు దాన్నీ కొరికి చూసుకుని సంచిలో వేసుకున్నాడు.