కళ్ళు మూసుకున్నవాడి వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "భయమేసి కళ్ళు మూసుకున్నాను, వేళ్ళ సందులోంచి చూశాను, రేపు మళ్ళా పోదాం."

అవతారిక: రాయచూరు జిల్లాలో మాన్వి, సింధనూరు వైపు సెకండ్ షో వదిలాక బండ్లు తీసుకునేచోట వినిపించే వాక్యమిది. కర్త ఎవరో తెలియదు, దెయ్యం సినిమా వచ్చిన ప్రతి శుక్రవారం ఒక కొత్త కర్త పుడుతుంటాడు. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళ వెంట కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న రైతుల క్యాంపులు అక్కడ బోలెడు. వాళ్ళతో వరి వచ్చింది, వాళ్ళ వెనకే తెలుగు సినిమా వచ్చింది. అలాంటి ఒక క్యాంపులోనే, మాన్వి తాలూకా అమరేశ్వర క్యాంపులో, 1973 అక్టోబరు 10న దర్శకుడు రాజమౌళి పుట్టాడు. కనుక భయానికీ ఫైటుకూ శాస్త్రం వెతికేవాడు ఈ నేల మీద మొదలుపెడితే తప్పేం లేదు. మెతుకుసీమలోని కొలిచారం వాడైన మల్లినాథసూరి ఆధారం లేనిదేదీ రాయనని ఒట్టుపెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య చెప్పాడు. ఈ టీకాకారుడూ ఆ ఒట్టుకు కట్టుబడ్డాడు, ఇంటర్వెల్లో ఒగ్గాణి, మిరపకాయ బజ్జీల వల్ల కలిగే ఆనందాన్ని మాత్రం లెక్కలోంచి తీసేసి.

"భయమేసి": భరతుడు చెప్పిన భయానక రసానికి స్థాయీభావం భయం. సరే, టికెట్టు కొనుక్కుని భయపడటమేమిటి? వెయ్యేళ్ళ కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడికీ ఇదే చిక్కు వచ్చింది. శాకుంతలంలో దుష్యంతుడి బాణానికి బెదిరి పరిగెత్తే జింకను ఆయన ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ భయం చూసేవాడిదీ కాదు, పక్కవాడిదీ కాదు. ఎవరిదీ కానిది గనక దాన్ని రుచి చూడొచ్చు. పారిపోవాల్సిన పని లేని భయమన్నమాట.

ఇక ఆ భయాన్ని పుట్టించే పద్ధతి. 1520లో రాయచూరు కోట గెలిచిన శ్రీకృష్ణదేవరాయలకు కత్తి పనితోపాటు ఈ విద్య కూడా తెలుసు. ఆముక్తమాల్యదలో మాలదాసరి చీకట్లో దారి తప్పుతాడు. బ్రహ్మరాక్షసుడు అతడి మీదికి వెంటనే దూకడు. ముందు మర్రిచెట్టు కనిపిస్తుంది, దాని చుట్టూ తిని పారేసిన మనుషుల ఎముకలు కనిపిస్తాయి. తిన్నవాడు ఎక్కడున్నాడో తెలియదు. ఆ రాక్షసుడు కుంభజానువు బయటికొచ్చేసరికే చదివేవాడు సగం చచ్చి ఉంటాడు. 1975లో స్పీల్‌బర్గ్ 'జాస్' తీసినప్పుడు యంత్రపు సొరచేప ఉప్పునీటికి మాటిమాటికీ మొరాయించింది. గత్యంతరం లేక చేపను దాచి నీళ్ళను చూపించాడు. రాయలు తెలిసి చేసిన పని ఆయనకు రిపేరు కష్టాల వల్ల కలిసొచ్చింది.

"కళ్ళు మూసుకున్నాను": ఇది వృథాప్రయత్నమని టీకాకారుడి అభిప్రాయం. నిదర్శనం 2009 నాటి 'అరుంధతి'. కథ జరిగేది గద్వాలలో, అంటే రాయచూరు లాగే కృష్ణకు ఇటు గట్టునే. కోట మాత్రం బనగానపల్లెది. సినిమా ఆడి ఇన్నేళ్ళైనా ఆ పాత నవాబు బంగళాను జనం 'అరుంధతి కోట' అనే అంటున్నారు. ఆ సినిమాలో విలన్ పశుపతికి ముఖం సోనూ సూద్‌ది, గొంతు పి. రవిశంకర్‌ది. కళ్ళు మూసుకుంటే సోనూ సూద్ పోతాడు, రవిశంకర్ ఉంటాడు. ఆ గొంతుగలాయన 2011లో కన్నడ 'కెంపేగౌడ'లో ఆర్ముగంగా ముఖంతో సహా దిగాడు గనక రాయచూరు ప్రేక్షకుడికి రెండు వైపులా తప్పించుకునే దారి లేకపోయింది.

అయితే ఉన్నట్టుండి స్పీకర్లు పగిలేలా మోత మోగించి ఉలిక్కిపడేలా చేయడాన్ని ఈ టీకాకారుడు భయానకంలో చేర్చడు. వెనకనుంచి వచ్చి డబ్బా మోగించినా మనిషి ఉలిక్కిపడతాడు. దానికి దర్శకుడు అక్కర్లేదు.

"వేళ్ళ సందులోంచి చూశాను": ఈ పాదంలో భయం వెనక్కి తగ్గి వీరం ముందుకొస్తుంది. ఏం జరుగుతుందో తెలియకపోతే భయం. ఏం జరగబోతోందో ముందే తెలిసి, ఎప్పుడా అని కాచుకుంటే ఫైటు. రాజమౌళి 'మగధీర'లో హీరో వందమందిని పంపమని షేర్‌ఖాన్‌తో ముందే పందెం కట్టాడు. ఆ అంకె చెవిన పడ్డది గనకే హాల్లో ప్రతివాడూ లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు. చెప్పకుండా రెండొందలమందిని నరికినా ఆ సరదా రాదు. 2012లో వచ్చిన 'ఈగ' ఇంకా విడ్డూరం. హీరో చచ్చి ఈగై పుట్టాడు. విలన్ కన్నడిగుల సుదీప్. ఈగను ఆ తర్వాత గ్రాఫిక్స్‌లో చేర్చారు గనక, లేని ఈగను చూసి సుదీప్ విదిలించుకున్నాడు, తిట్టాడు, నిద్ర మాని పిచ్చివాడయ్యాడు. ఒక గుద్దుకు చచ్చే ప్రాణి గుద్దులు తప్పించుకుంటుంటే ఈలలు పడ్డాయి. బలం ఎటుందో తెలిశాక దెబ్బ అటు నుంచి కాక ఇటు నుంచి పడాలి, మజా అక్కడుంది.

అసలు దెబ్బే లేకపోతే? 'బాహుబలి' రెండో భాగం ఇంటర్వెల్ చూడండి. పట్టాభిషేకం భల్లాలదేవుడికి, జేజేలు బాహుబలికి. ఒక్క దెబ్బ పడదు. అయినా హాలు లేచి నిలబడుతుంది. ఇన్ని కత్తుల సినిమాలోనూ టీకాకారుడికి ఆ ఘట్టమే గొప్ప ఫైటుగా తోస్తుంది, ఎవరేమనుకున్నా సరే.

శంక: భయపడ్డవాడు "రేపు మళ్ళా పోదాం" అనడం విరుద్ధం కదా? సమాధానం: కాదు. డోల్ఫ్ జిల్మన్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు దీనికొక కారణం చెప్పాడు. భయంతో ఎగసిన గుండె దడ కథ ముగిసిన క్షణంలోనే దిగిపోదు. ఆపద తప్పిన సంతోషం అదే దడ మీద ఎక్కి కూర్చుని రెట్టింపవుతుంది. ఎంత వణికితే అంత హాయి.

ఇంకో సంగతి. మూలకారుడు "పోదాం" అన్నాడేగాని "పోతాను" అనలేదు. రెండోసారి అతడు తెరను పెద్దగా చూడడు. ఇంకా చూడని స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టి, సమాధి పగిలే ఘట్టానికి ముందే అతడి ముఖం వైపు తిరుగుతాడు.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో "రేపు" బదులు "సెకండ్ షోకి" అని ఉంది. మొదటి ఆట చూసినవారి ప్రతి కావచ్చు.