ఆపిన బొమ్మ ఇచ్చిన తీర్పు

ఒక కాలు మరొక కాలికి ఎంత బలంగా తగిలిందో తెలియాలంటే ముందుగా ఆ కాలిని కదలకుండా ఆపి చూడాలన్న సిద్ధాంతం భౌతికశాస్త్ర గ్రంథాలలో ఎక్కడా కనిపించకపోయినా, వృత్తి ఫుట్‌బాల్‌లో మాత్రం కొన్నేళ్లుగా తిరుగులేని ప్రమాణంగా చలామణీ అవుతోంది. మైదానంలోని రెఫరీ ఆట సాగే వేగంలోనే చూసి ఇచ్చిన తీర్పును తెరల ముందు కూర్చున్న మరొక రెఫరీ పరిశీలించి, అవసరమనుకుంటే మళ్లీ చూసుకొమ్మని సూచించే ఏర్పాటును వీడియో అసిస్టెంట్ రెఫరీ అనీ, పొట్టిగా వీఏఆర్ అనీ అంటారు. 2018లో ఆట నిబంధనలలో చేరి, అదే ఏడాది రష్యా ప్రపంచకప్‌లోనూ, 2019-20 సీజన్ నుంచి ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లోనూ అమలైన ఈ ఏర్పాటు, తీర్పులో స్పష్టమైన, కొట్టొచ్చినట్లు కనిపించే పొరపాటు ఉన్నప్పుడే జోక్యం చేసుకోవాలి. అయితే కొట్టొచ్చినట్లు కనిపించవలసిన ఆ పొరపాటు కోసం నాలుగు వైపుల నుంచి, వేగం తగ్గించి, నిమిషాల తరబడి వెతకవలసి రావడం ఈ నియమంలోని చమత్కారం.

రెడ్‌కార్డు, అంటే ఆటగాడిని మ్యాచ్ నుంచే పంపివేసే శిక్ష, దేనికి పడుతుందో 12వ నిబంధన వివరంగానే చెబుతుంది. ప్రత్యర్థిపై అజాగ్రత్తగా కాలు వేస్తే అది ఉత్త ఫౌల్ మాత్రమే. ఎదుటివాడికి ఏమవుతుందో పట్టించుకోకుండా దూసుకుపోతే హెచ్చరికగా ఎల్లోకార్డు. అవసరానికి మించిన బలం వాడి అతడి భద్రతకే ముప్పు తెస్తే రెడ్‌కార్డు. ఈ మూడు మెట్ల మధ్య మైదానంలో సున్నంతో గీసిన గీత ఏదీ లేదు, ఉన్న తేడా అంతా వేగంలోనూ బలంలోనూ ఉంది. 1992లో డర్బన్ క్రికెట్ టెస్టులో సచిన్ టెండూల్కర్ రనౌట్ అయినట్లు మూడో అంపైర్ టీవీ తెర చూసి తేల్చినప్పుడు ఆపిన బొమ్మే సరైన సాక్షి, ఎందుకంటే అక్కడి ప్రశ్న బ్యాటు గీత దాటిందా లేదా అన్నదే. ఫుట్‌బాల్‌లోనూ ఆఫ్‌సైడ్ వంటి కొలతల విషయంలో ఆ సాక్ష్యం చెల్లుతుంది. తాకిడి ఎక్కడ జరిగింది వంటి వాస్తవాలకే స్లో మోషన్ వాడాలనీ, తాకిడి తీవ్రతను మామూలు వేగంలోనే చూడాలనీ వీఏఆర్ నియమావళి కూడా చెబుతోంది కాబట్టి, రాసినవారికి ఈ తేడా తెలుసుననీ, చదవవలసినవారికే తీరిక చిక్కలేదనీ అనుకోవాలి.

ఈ తీరిక లేకపోవడం ఎంత దూరం పోగలదో 2023 సెప్టెంబరు 30న టోటెన్‌హామ్, లివర్‌పూల్ జట్ల మధ్య జరిగిన మ్యాచ్ చూపింది. లివర్‌పూల్ ఆటగాడు కర్టిస్ జోన్స్ పాదం ముందు బంతిని తాకి, దాని మీదుగా జారి ప్రత్యర్థి కాలిపై పడగా, రెఫరీ ఎల్లోకార్డు చూపారు. వీఏఆర్ సూచన మేరకు ఆయన మైదానం పక్కనున్న మానిటర్ దగ్గరికి వెళ్లేసరికి అక్కడ ఎదురుచూస్తున్నది జరిగిన సంఘటన కాదు, బూటు కాలిమీద ఆనిన క్షణంలో బిగుసుకుపోయిన ఒక నిశ్చల చిత్రం. బంతి ఎలా వచ్చింది, పాదం ఎందుకు జారింది అన్నవి ఆ తర్వాతి సంగతులు. ముందు శవాన్ని చూపి తర్వాత ప్రమాదమా హత్యా అని అడిగితే వచ్చే జవాబే వచ్చింది, ఎల్లోకార్డు రెడ్‌కార్డయింది. అదే మ్యాచ్‌లో లూయిస్ దియాజ్ కొట్టిన న్యాయమైన గోల్‌ను మైదానంలో ఆఫ్‌సైడ్ అని కొట్టివేస్తే, గోల్ ఇచ్చారనుకున్న వీఏఆర్ అధికారి పరిశీలన పూర్తయిందని ప్రకటించి దానిని శాశ్వతంగా పాతిపెట్టారు. గీతలు గీసి తేల్చవలసిన చోట మాట తడబడింది, బలాబలాలు తూచవలసిన చోట బొమ్మ ఆగింది.

వేగం తగ్గితే మనసు మారుతుందన్నది ఓడిన జట్టు అభిమానుల అక్కసు మాత్రమే కాదు. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు యూరప్ రెఫరీలకు ఒకే రకపు ఫౌళ్లను రెండు వేగాలలో చూపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, స్లో మోషన్‌లో చూసినవారు మరింత కఠినమైన కార్డులు ఇచ్చారని తేలింది. క్షణంలో జరిగినది నెమ్మదిగా కనిపిస్తే, ఆటగాడు తీరిగ్గా ఆలోచించుకొని, ముహూర్తం చూసుకొని మరీ తొక్కినట్లు తోస్తుంది. ఈ పద్ధతిని నిజాయితీగా చివరిదాకా పాటిస్తే గోల్ కొట్టినవాడి మెడ చుట్టూ చేతులు వేసిన సహచరులందరినీ హత్యాయత్నం కింద బయటికి పంపవలసి ఉంటుంది. కార్డు తీయడానికి చెయ్యెత్తిన రెఫరీ కూడా ఆ క్షణంలో ఆపి చూస్తే ఆటగాడి చెంప పగలగొట్టబోతున్నట్లే ఉంటాడు.

ఇంత సూక్ష్మంగా చూసిన తీర్పైనా నిలుస్తుందా అంటే అదీ లేదు. 2024 సెప్టెంబరులో మాంచెస్టర్ యునైటెడ్ కెప్టెన్ బ్రూనో ఫెర్నాండెజ్‌కూ, 2025 జనవరిలో ఆర్సెనల్ యువకుడు మైల్స్ లూయిస్ స్కెల్లీకీ మైదానంలో చూపిన రెడ్‌కార్డులను వీఏఆర్ చూసి సరేనంది. కొద్ది రోజులకే అప్పీలు విన్న కమిషన్ రెండింటినీ తప్పని కొట్టివేసింది. రెడ్‌కార్డు వెంట వచ్చే మ్యాచ్‌ల నిషేధం రద్దయింది కానీ పదిమందితో ఆడిన సమయాన్ని తిరిగి ఇప్పించే అధికారం ఏ కమిషన్‌కూ లేదు.

అయినా ప్రీమియర్ లీగ్ నిశ్చింతగా ఉంది. సరైన నిర్ణయాలు వీఏఆర్ లేనప్పుడు 82 శాతం ఉండగా, వచ్చాక 96 శాతానికి పెరిగాయని 2024లో ప్రకటించింది. ఇటీవలి సీజన్లలో ఏది సరైనదో తేల్చే పని ఐదుగురు సభ్యుల మండలిది. అందులో ముగ్గురు మాజీ ఆటగాళ్లు లేదా కోచ్‌లు, ఒకరు లీగ్ ప్రతినిధి, మరొకరు రెఫరీల సంస్థ ప్రతినిధి. ఆ మండలిలోనూ ఓట్లు 3-2గా చీలుతుంటాయి. ఐదుగురు నిపుణులు తీరికగా కూర్చుని కూడా ఏకాభిప్రాయానికి రాలేని విషయంలో ముగ్గురి మాట సత్యంగా, ఇద్దరి మాట పొరపాటుగా మారి, శాతాల పట్టికలో ఆఫ్‌సైడ్ కొలత పక్కన దర్జాగా కూర్చుంటుంది.

వీడియో అక్కరలేదని దీని అర్థం కాదు. 2010 ప్రపంచకప్ ఫైనల్‌లో నైజల్ డి యాంగ్ తన బూటును జాబీ అలొన్సో ఛాతీలో దించినప్పుడు రెఫరీ హోవర్డ్ వెబ్ ఎల్లోకార్డుతో సరిపెట్టారు, తన చూపుకు అడ్డు వచ్చిందని తర్వాత చెప్పుకున్నారు. ఆ తన్ను ఏ వేగంలో చూపినా తన్నే. వీఏఆర్‌ను ఎత్తివేయాలని వుల్వ్స్ క్లబ్ 2024లో తెచ్చిన ప్రతిపాదన 19-1 ఓట్లతో వీగిపోవడంలోనూ వింతలేదు. కావలసినది చాలా చిన్న సంస్కరణ: రెఫరీ మానిటర్ దగ్గరికి చేరగానే ముందుగా పూర్తి దృశ్యాన్ని మామూలు వేగంలో చూపాలి, తాకిడి ఎక్కడ జరిగిందన్న సందేహం మిగిలితేనే బొమ్మను ఆపాలి, మండలి ఓట్ల చీలికను కూడా శాతాల పక్కనే అచ్చు వేయాలి. ఇందుకు కొత్త కెమెరా అక్కరలేదు, కొత్త నిబంధన అంతకన్నా అక్కరలేదు. ఉన్న నియమావళిని ఎవరైనా ఒకసారి, కావాలంటే స్లో మోషన్‌లోనే, చదివితే చాలు.